పులుపు లెక్క

కిలో రెండు డాలర్ల పది సెంట్లు.
ఎక్కువే. కానీ మే నెలలో ఒక్క రాత్రి మంచు
మొగ్గల్ని సగానికి సగం మాడ్చేసిందని
లోయంతా తెలుసు కనక
ఎవరం బేరమాడలేదు,
ఒక్క బర్నబీ తప్ప.
బర్నబీ తన శవపేటికకి కూడా బేరమాడే పోతాడు.

మేం తొమ్మిదిమందిమి.
రెండు వ్యాన్లు, అరువు తెచ్చిన ట్రెయిలరు,
ఎన్నిసార్లు కడిగినా చేపల కంపు వదలని
రేవు తొట్లు ఇరవై.
హాలిఫాక్స్‌లో వీధి దీపాలు ఆరకముందే బయల్దేరాం.

ఏటా అయితే
కాలిఫోర్నియా పెట్టెల కోసం గోదాం ముందు వరసకట్టేవాళ్ళం.
లారీలో వారంపాటు కుదిపి కుదిపి
తీపి ముదిరి, అడుగున బూజు దాచుకుని దిగే నల్లపళ్ళు.
ఈసారి మన మట్టివే కొందామని చెయ్యెత్తింది నేను.
పద్దుల పుస్తకం నాది.
తేడా వస్తే తిట్లూ నావే.

లోర్నా వీనో తోట వాలు మీద ఉంటుంది.
కింద, ఆటుకి వెనక్కి తగ్గిన సముద్రం
ఎర్ర బురదని ఆరేసి
ఎటో పని మీద వెళ్ళిపోయింది.

తెల్ల ద్రాక్ష. గుత్తి చిన్నది, తోలు మందం.
ఒక పండు నోట్లో వేసుకుని
హిల్డా ఒక కన్ను మూసేసింది.
అందని ద్రాక్ష పుల్లనంటారే,
చేతికందింది ఇంత పుల్లగా ఉంటుందని
ఎవరూ చెప్పరేం?

గాజు మీద రసం చుక్క వేసి వెలుగుకి ఎత్తి చూశాను.
పద్దెనిమిది. ఇరవై ఒకటి అనుకున్నాం.
"పంచదార కలుపుకోండి," అంది లోర్నా.
"మా నాన్న ముందు వానని తిట్టి, తర్వాత కలిపేవాడు."

అడిగింది అయిదొందల కిలోలు.
కాటా మీద తేలింది మూడొందల పది.
తలా ముప్ఫై నాలుగు,
తొట్టి అడుగున చితికినవి ఇంకో నాలుగు.
ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.
అప్పుడు హోలిస్ అన్నాడు,
"నా వాటా కొట్టెయ్. నాకెలాగూ తెలీదు కదా."

మా గుంపుకి ముక్కు హోలిస్.
గ్లాసు అంచున ఒక్క క్షణం ఆగి
ఇది ఎవరి నేలమాళిగలోదో,
ఏ పీపా ఎవరు సరిగ్గా కడగలేదో చెప్పేసేవాడు.
ఫిబ్రవరి జ్వరం అన్నీ తిరిగి ఇచ్చింది,
వాసన ఒక్కటీ ఉంచేసుకుంది.
కాఫీ వేడినీళ్ళట. పొగ కళ్ళమంటట.
కొట్టేశాను. అతని ముప్ఫై నాలుగూ
బర్నబీ కిందికి రాశాను.
బర్నబీ మర్యాదకి ఒకసారి వద్దన్నాడు.

సాయంత్రం మా గరాజులో
మర పిడి తిప్పింది మాత్రం హోలిసే.
పళ్ళు పటపటా పగిలాయి,
కందిరీగలు వచ్చాయి, మోచేతుల దాకా జిగురు.
"ఎలా ఉంది వాసన?" అన్నాడు, తల ఎత్తకుండా.
"పచ్చి యాపిల్ తొక్క," హిల్డా.
"తడి సుద్దముక్క," బర్నబీ.
"కోసిన గడ్డి, పక్కన కొంచెం పెట్రోలు," రెమీ.
(పెట్రోలు నా గడ్డికోత మిషనుది.)
"అందరూ ఒకే తొట్టి దగ్గరే నిలబడ్డారా?"
అని నవ్వి, చెయ్యి ముంచి
వేళ్ళు నాకాడు హోలిస్.

మర ఆగింది.

మళ్ళీ నాకాడు.
చెవుల వెనక సూదులు గుచ్చినట్టు మొహం పెట్టి
"ఇదుగో," అన్నాడు,
"ఇది తెలుస్తోంది."
వాసనకి నాలుక మీద పెత్తనం పోయినా
పులుపు చావలేదు.
ఏడు నెలల తర్వాత ఒక రుచి
తలుపు తట్టకుండా లోపలికొచ్చింది.
ఇంకో గుప్పెడు తిన్నాడు, గింజలతో సహా.
"పంచదార ఎవరూ పొయ్యకండి," అన్నాడు,
"నా వాటాలో."

నీకు వాటా ఎక్కడిది, హోలిస్?

పుస్తకం తీశాను.
కొట్టివేత మీద కొట్టివేత కుదరక
పక్కన కొత్తగా రాశాను:
హోలిస్, ముప్ఫై నాలుగు.
కాయితం మీద నా జిగురు వేలిముద్ర పడింది.

బర్నబీ అప్పటికే తన డ్రమ్ము మూత బిగించి
దాని మీద కూచున్నాడు.
"రసం అయ్యాక కిలోల్లో ఎలా తిరిగిస్తాం?" అంటున్నాడు.
రెమీ బకెట్టు వెతుకుతున్నాడు.